ఉలవపాడు పందిరి పక్కనే శుభ్రమైన బాత్రూమ్ ఉంటే: జపాన్ ‘మిచినోఎకి’ రివ్యూ

మామిడికాయల సీజన్లో ఒంగోలు నుంచి నెల్లూరు వచ్చే కారు ఏదైనా ఉలవపాడు దగ్గర స్లో అవుతుంది. హైవే పక్కన వరసగా పందిళ్లు, గడ్డి పరిచి పేర్చిన బంగినపల్లి కాయలు, ‘అన్నా, ముందు రుచి చూడు’ అంటూ కోసి చేతిలో పెట్టే ముక్క. కాయకి వంక పెట్టలేం. కార్లో ఉన్న ఆడవాళ్లు మాత్రం దిగరు. దిగితే పోవడానికి చోటేది? ఆ అవసరానికి ఇంకాస్త ముందుకి పోయి టోల్‌గేటు దగ్గరో, పెట్రోల్ బంకులోనో, ఓ పెద్ద హోటల్లోనో ఆగాలి. అక్కడ బాత్రూమ్ ఉంటుంది, ఉలవపాడు కాయ ఉండదు. విజయవాడలో దొరికే చిప్స్ పాకెట్టే అక్కడా వేలాడుతుంటుంది.

రైతునీ బాత్రూమ్‌నీ ఒకే ఆవరణలోకి తెస్తే ఎట్లా ఉంటుందో జపాన్ వాళ్లు 1993 నుంచి చేసి చూపిస్తున్నారు. దాన్ని మిచినోఎకి అంటారు. మిచి అంటే దారి, ఎకి అంటే స్టేషన్. రైలుకి స్టేషన్ ఉన్నట్టు రోడ్డుకీ ఒకటి. టోక్యోకి ఎదురుగా, సముద్రానికి అవతల ఉండే చిబా ప్రిఫెక్చర్‌లో (మన రాష్ట్రం లాంటిది) బోసో ద్వీపకల్పం చుట్టూ శని, ఆదివారాల్లో కారేసుకుని చూసి రాగలిగే స్టేషన్ల గురించే ఈ రివ్యూ. టోక్యోలో మనోళ్లు ఎక్కువగా ఉండే నిషికసాయిలో కాపురముంటున్నవాళ్లకీ, వాళ్లని చూడ్డానికి నెల్లూరు, ఒంగోలు నుంచి వెళ్లే అమ్మానాన్నలకీ పనికొస్తుంది.

మార్కులు ముందే చెప్పేస్తే మేలు. బాత్రూమ్‌లకి అయిదుకి అయిదు. రైతుల అరలకీ అయిదే, పొద్దున్నే పోతే. చేపలు తినేవాళ్లకి భోజనం నాలుగు, శాకాహారులకి రెండు. గిఫ్ట్ కొట్టుకి రెండున్నర, అదీ మొహమాటానికి.

అసలు ఇది ఎవరి కొట్టో తెలిస్తే ఏది ఆశించాలో తెలుస్తుంది. స్టేషన్ పెట్టేది ఆ ఊరి మునిసిపాలిటీ. గుర్తింపు ఇచ్చేది కేంద్ర రవాణా శాఖ. మొదటి విడతలో 103 చోట్ల మొదలై ఇప్పుడు దేశమంతా 1,200 దాటాయి. ఆ బోర్డు తగిలించుకోవాలంటే 24 గంటలూ ఉచిత పార్కింగ్, 24 గంటలూ బాత్రూమ్, దారి గురించీ ఊరి గురించీ చెప్పే సమాచార కేంద్రం ఉండి తీరాలి. ఆపైన ఏం అమ్మాలి, ఏం వండాలి అనేది ఊరి ఇష్టం. అందుకే ఒకచోట వేడినీటి స్నానశాల ఉంటుంది, ఒకచోట బతికున్న చేపల తొట్లు, ఇంకోచోట బాత్రూమూ నాలుగు వెండింగ్ మెషిన్లూ తప్ప ఏమీ ఉండవు. పేరు ఒకటే కదా అని అన్నీ ఒకేలా ఉంటాయనుకుని పోతే నిరాశే.

ఇంకో సంగతి. ఇవి దాదాపు అన్నీ మామూలు రోడ్ల మీదే ఉంటాయి. టోలు కట్టే ఎక్స్‌ప్రెస్‌వే మీద కనబడేవి సర్వీస్ ఏరియాలు, పార్కింగ్ ఏరియాలు. బోసోలో ‘ఫురారి తోమియామ’ ఒక్కదానికి టోలు రోడ్డు నుంచీ కింద ఊరి రోడ్డు నుంచీ రెండు వైపులా దారి ఉంది. మిగతావి చూడాలంటే హైవే దిగాల్సిందే. దిగకపోతే ఒక్కటీ చూడకుండానే ద్వీపకల్పం చివరికి వెళ్లిపోతారు.

బండి తోలడం మనకి సుళువే, అక్కడా ఎడమవైపే. కాగితాల దగ్గరే జాగ్రత్త కావాలి. ఇండియన్ లైసెన్స్ ఒక్కటే చూపిస్తే కారివ్వరు. 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. సారథి వెబ్‌సైట్లో అప్లై చేసి, పాస్‌పోర్టు, వీసా, మెడికల్ ఫారం పెట్టి మన ఆర్టీవో ఆఫీసులోనే తీసుకోవచ్చు. ఫీజు 1,000 రూపాయలు, పైన సర్వీసు చార్జీ. అక్కడ పర్మిట్‌తో పాటు అసలు లైసెన్సూ పాస్‌పోర్టూ కూడా చూపించాలి. జపాన్‌లో దిగిన రోజు నుంచి ఏడాదికో, పర్మిట్ గడువుకో, ఏది ముందొస్తే అంతవరకే చెల్లుబాటు.

మనోళ్లు బోల్తా పడేది ఇంకోచోట. జపాన్‌లో నివాసం నమోదు చేసుకున్నవాళ్లు సెలవులకి ఇంటికొచ్చి, కొత్త పర్మిట్ తీసుకుని, మూణ్ణెల్లు నిండకముందే వెనక్కి పోతే ఆ పర్మిట్ చెల్లదు. పోలీసు ఆపితే లైసెన్స్ లేకుండా తోలినట్టే లెక్క. ఉద్యోగానికి పోయినవాళ్లు జపాన్ లైసెన్స్‌కి మార్పించుకోవడమే దారి. 2025 అక్టోబరు నుంచి ఆ రాతపరీక్షలో 50 ప్రశ్నలు, 45 రైటవ్వాలి. ఊరికే పోయి రాసొచ్చేది కాదు.

కారు బుక్ చేసేటప్పుడే ఈటీసీ కార్డు కూడా అద్దెకి అడగాలి. మన ఫాస్టాగ్ అద్దానికి అంటుకుని ఉంటుంది. అక్కడ మెషిన్ కారుది, కార్డు విడిది. కార్డు లోపలికి తొయ్యడం మరిచిపోతే గేటు లేవదు. అప్పుడు రివర్స్ చేస్తే వెనకొచ్చే బండి గుద్దేస్తుంది. కదలకుండా ఆగి, పక్కనున్న స్పీకర్ బటన్ నొక్కాలి. కార్డు ఉన్నా గేటులోకి 20 కిలోమీటర్ల వేగంతోనే పోవాలి. నావిగేషన్‌లో స్టేషన్ పేరు కొట్టే కంటే దాని ఫోన్ నంబరు కొట్టండి, సరిగ్గా గేటు ముందు దించుతుంది. పేర్లు కొడితే ఒకే పేరున్న నాలుగూళ్లు వస్తాయి.

రోడ్డు మీద మన అలవాట్లలో మానుకోవాల్సినవి మూడు. ఎర్రటి త్రికోణం తలకిందులుగా కనబడితే చక్రం పూర్తిగా ఆగాలి, మెల్లగా జారిపోతే కుదరదు. రెడ్ సిగ్నల్లో ఫ్రీ లెఫ్ట్ లేదు. రైల్వే గేటు తెరిచే ఉన్నా గీత దగ్గర ఆగి, అటూఇటూ చూసి దాటాలి. బోసోలో తీరం వెంబడి సింగిల్ లైన్ రైలు పోతుంది, మన రోడ్డు దాన్ని పదేపదే దాటుతుంది. పోలీసులు కాపు కాసేది కూడా అక్కడే.

పెట్రోలు దగ్గర ఒక మోసపు మాట ఉంది. చిన్న పసుపు నంబరు ప్లేటు కార్లని ‘కెయి’ కార్లంటారు. డీజిల్‌ని ‘కెయియు’ అంటారు. కెయి కారుకి కెయియు అనుకుని డీజిల్ కొట్టించి ఇంజన్ పాడుచేసుకునేవాళ్లు జపాన్ వాళ్లలోనే ఉన్నారు. భాష జోలికి పోకుండా పైపు రంగు చూడండి: ఎరుపు మామూలు పెట్రోలు, పసుపు ఖరీదైన హై ఆక్టేన్, ఆకుపచ్చ డీజిల్. అద్దెకారుకి దాదాపు ఎప్పుడూ ఎరుపే. పల్లెల్లో బంకులు చీకటిపడితే మూసేస్తారు, కొన్ని ఆదివారం తెరవనే తెరవరు. సగం ట్యాంకు ఉండగానే నింపుకోవాలి.

శనివారం పొద్దున ఆక్వాలైన్ మీద మొదలవుతుంది. కవాసాకి నుంచి కిసరాజు దాకా 15.1 కిలోమీటర్లు, సముద్రం కింద తొమ్మిదిన్నర కిలోమీటర్ల సొరంగం, తర్వాత వంతెన. రెండూ కలిసే చోట సముద్రం మధ్యలో కట్టిన ఉమిహోతారు అనే ఆగేచోటు. ఇది మిచినోఎకి కాదు, పార్కింగ్ ఏరియా. చూడ్డానికి ఓడలా ఉంటుంది. ఎనిమిదిలోపు చేరితే పది నిమిషాల్లో ఎక్కి, చూసి, దిగొచ్చు. ఆలస్యమైతే పార్కింగ్ కోసమే క్యూ.

అక్కడి నుంచి హైవే మీద క్యోనాన్-హోతా దగ్గర దిగితే పక్కనే హోతా షోగక్కో. షోగక్కో అంటే ప్రైమరీ స్కూలు. పిల్లలు తగ్గిపోయి 2014లో మూతపడ్డ బడి అది. 2015 డిసెంబరులో దాన్నే స్టేషన్ చేశారు. జిమ్నాసియం ఇప్పుడు సంత. కింది క్లాసురూములు హోటళ్లు, పై క్లాసురూములు బస గదులు. నల్లబల్లలు అట్లాగే ఉన్నాయి. పక్కనున్న పాత అంగన్‌వాడీ లాంటి బడిని కూడా 2023లో కలిపేశారు, చిన్నపిల్లలతో పోయేవాళ్లకి అది నయం. పిల్లలు లేక మూసేసిన బళ్లు మనకీ ఉన్నాయి. గేటుకి తాళమేసి వదిలేసే కంటే ఇది మంచి ఆలోచన.

ఇక అసలు సరుకు, కూరగాయల అర. ఒక ముల్లంగిని చేతిలోకి తీసుకోండి. ఆకులతో సహా ఉంటుంది, మట్టి కడిగి ఉంటుంది. దాని మీద తెల్లటి స్టిక్కర్: ధర, ఊరు, రైతు పూర్తి పేరు, బార్‌కోడ్. పక్కపక్కనే ముగ్గురు రైతుల వంకాయలు, మూడింటికీ మూడు ధరలు. స్టిక్కర్ కొట్టుకునేది రైతే, ధర వేసేది రైతే, పొద్దున్నే తెచ్చి అరలో సర్దేదీ రైతే. స్టేషన్ కౌంటర్లో డబ్బులు తీసుకుని తన కమీషన్ పట్టుకుని మిగతాది అతని ఖాతాలో వేస్తుంది. ఈ కమీషన్ మామూలుగా 15 శాతం అటూఇటూ. చాలాచోట్ల ఎవరి సరుకు ఎంత అమ్ముడైందో ఫోన్‌కి మెసేజ్ పోతుంది, అయిపోతే మళ్లీ తెచ్చి పెడతారు. అమ్ముడుపోనిది సాయంత్రం ఎవరిది వాళ్లు తీసుకుపోతారు. మార్కెట్ యార్డు లేదు, దళారీ లేడు. నష్టం వస్తే మాత్రం పూర్తిగా రైతుదే, అది కూడా చెప్పుకోవాలి.

ఈ పద్ధతి వల్ల కొనేవాళ్లకి రెండు తిప్పలు. కౌంటర్లో అమ్మాయిని బేరమాడితే ఫలితం ఉండదు, ఆ ధర ఆమెది కాదు. మధ్యాహ్నం రెండింటికి పోతే అరలు ఖాళీ, ఉల్లిపాయలూ పూలూ తప్ప మిగలవు. కొట్టు తెరిచే తొమ్మిదికే గుమ్మం ముందు స్థానికులు బుట్టలతో నిలబడి ఉంటారు. వాళ్లు ఎవరి పేరున్న స్టిక్కర్ వైపు పోతున్నారో చూడండి, అదే సలహా. స్టిక్కర్లు చదవలేకపోతే ఇదొక్కటే పట్టు.

భోజనం సంగతి. హోతా రేవు పక్కనే కాబట్టి చేప తాజాగా ఉంటుంది. అజి లాంటి చేపల్ని వాళ్లు బ్రెడ్ పొడి పట్టించి వేయించి పెడితే నెల్లూరు వాళ్లు కూడా మాట్లాడకుండా తింటారు. పులుసు మాత్రం ఆశించకండి, చింతపండు అనేది అక్కడి ఊహలోనే లేదు. బడి భోజనం పేరుతో స్టీలు పళ్లెంలో పెట్టే సెట్ కూడా దొరుకుతుంది. పిల్లలకది సరదా, పెద్దవాళ్లకి కుర్చీ చిన్నది. వంటగదులు పదకొండుకి తెరిచి రెండు, మూడింటికి ఆర్డర్లు ఆపేస్తాయి. మన పద్ధతిలో మూడున్నరకి ‘భోజనం ఉందా’ అంటే వెండింగ్ మెషినే గతి.

శాకాహారులకి అసలు చిక్కు కంటికి కనబడదు. సోబా, ఉడోన్ నూడుల్స్‌లో ముక్కలేమీ లేకపోయినా నీళ్లు ఎండబెట్టిన చేప తురుముతో కాచినవి. చల్లటి నూడుల్స్ ముంచుకునే గోధుమరంగు రసమూ అంతే. మన బజ్జీల్లాంటి కూరగాయల తెంపురా తినొచ్చు అనుకుంటాం, నంజుకోడానికిచ్చే గిన్నెలో మళ్లీ అదే చేప నీళ్లు. ఉప్పు అడగండి, ‘షియో’ అంటే ఇస్తారు. ఓనిగిరి అన్నపు ముద్దల్లో ఉప్పు ముద్ద, ఉమెబోషి అనే పుల్లటి ఊరగాయ ముద్ద కాస్త భద్రం. అది మన ఉసిరికాయ ఊరగాయకి దూరపు చుట్టం లాంటిది, కారం లేకుండా. పైగా పొడుల డబ్బా, చిన్న నెయ్యి సీసా బ్యాగులో ఉంటే ఆ తెల్లన్నం గట్టెక్కుతుంది. బీరు తోలేవాళ్లకి వద్దు. ఊపిరిలో లీటరుకి 0.15 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నా నేరమే, తాగాడని తెలిసీ పక్క సీట్లో కూర్చున్నవాళ్లకీ శిక్ష పడొచ్చు.

బాత్రూమ్ గురించి ఇంత చెప్పడం కొంతమందికి నవ్వులాటగా ఉండొచ్చు గానీ ఈ సర్వీసుకి పునాది అదే. నీళ్లతో కడుక్కోవడం మన అలవాటు, అక్కడ మెషినే కడుగుతుంది. గోడ మీద బటన్ల వరసలో ఫౌంటెన్ లాంటి బొమ్మ ఉన్నది నీళ్లు మొదలుపెడుతుంది, చిన్న చదరం బొమ్మ ఉన్నది ఆపుతుంది. ఆ చదరం ఎక్కడుందో చూసుకోకుండా ఫౌంటెన్ నొక్కితే నీళ్లు ఆగవు, లేచి నిలబడితే గోడ తడుస్తుంది. పెద్ద సుడి, చిన్న సుడి బొమ్మలు ఫ్లష్‌వి. మోకాళ్ల నొప్పులు లేని పెద్దవాళ్లకి కూర్చునే నేలబేసిన్లు కూడా పాత స్టేషన్లలో ఒకటీ అరా ఉంటాయి. పేపరు బేసిన్‌లోనే వెయ్యాలి, డబ్బాలో కాదు. రాత్రి రెండింటికి ఆగినా లైటు వెలుగుతూనే ఉంటుంది, తాళం ఉండదు, చిల్లర అడిగేవాడుండడు.

2021 నవంబరులో పెన్నా వరదకి పడుగుపాడు దగ్గర హైవే దెబ్బతిన్నప్పుడు రోడ్డు మీద చిక్కుకున్నవాళ్లకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. భూకంపాలూ తుఫాన్లూ ఉన్న దేశం కాబట్టి అక్కడ కొన్ని స్టేషన్లని విపత్తు వేళ కేంద్రాలుగానే సిద్ధం చేస్తున్నారు. 2021లో 39 స్టేషన్లకి ఆ హోదా ఇచ్చారు: జనరేటరు, నీటి నిల్వ, కరెంటు పోయినా పనిచేసే బాత్రూమ్.

మధ్యాహ్నానికి తోమిఉరా బివా క్లబ్. 1993లోనే వచ్చిన స్టేషన్ ఇది. బివా అంటే లోక్వాట్ పండు. పెద్ద నిమ్మకాయంత, పసుపు తొక్క, లోపల నున్నటి పెద్ద గింజలు. గుజ్జు తక్కువ, సువాసన ఎక్కువ. మే, జూన్ నెలల్లోనే పండు, అదీ ఖరీదు. మచ్చ పడ్డవీ సైజు తక్కువవీ గ్రేడుకి పోవు కదా, వాటిని పారేయకుండా గుజ్జు తీసి ఏడాదంతా ఐస్‌క్రీం, జామ్, జెల్లీ, చివరికి కూర కూడా చేసి అమ్మడంతోనే ఈ స్టేషన్‌కి పేరొచ్చింది. పొదలకూరు నిమ్మకాయ ధర పడిపోయి రోడ్డు పక్కన పారబోసే రోజుల్లో గుర్తొచ్చే చోటు. ఐస్‌క్రీం 400, 500 యెన్ల మధ్య. తినండి. కూర మాత్రం తియ్యగా ఉంటుంది, ఒక్కటి తీసుకుని నలుగురు రుచి చూస్తే చాలు.

బహుమతుల అరలో మోసపోకుండా ఒక చిట్కా. బిస్కెట్ డబ్బా మీద ఊరి పేరు, సముద్రం బొమ్మ ఎంత పెద్దగా ఉన్నా తిప్పి వెనక లేబుల్ మీద ఫోన్ కెమెరాతో అనువాదం చూడండి. తయారైన చోటు వేరే ప్రిఫెక్చర్ అయితే పక్కన పెట్టేయండి, అదే బిస్కెట్ ఇంకో బొమ్మతో ఇంకో స్టేషన్లో ఉంటుంది. ఊళ్లో చేసినవి చిన్న కొట్ల జామ్‌లు, మిసో అనే పులియబెట్టిన సోయా ముద్ద, ఎండు సముద్రపు నాచు. పచ్చి కూరలు, పళ్లు, మాంసం ఇండియాకి తేవద్దు, ఎయిర్‌పోర్టులో గొడవ.

రాత్రి పడక గురించి స్పష్టంగా తెలుసుకోవాలి. పార్కింగ్ ఉచితం, రాత్రంతా తెరిచి ఉంటుంది కాబట్టి కార్లోనే పడుకుందాం అనిపిస్తుంది. నిద్ర ముంచుకొచ్చి కాసేపు కునుకు తీస్తే ఎవరూ ఏమీ అనరు, రోడ్డు స్టేషన్ ఉన్నదే అందుకు. అదే బస కింద వాడుకోవద్దని ప్రభుత్వం చెబుతుంది. కుర్చీలు బయట వేసి స్టవ్ వెలిగిస్తే తప్పకుండా చెప్పించుకుంటారు. ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లో ఉంచి పడుకున్నా అంతే. డబ్బు కట్టి పడుకునేందుకు కొన్ని స్టేషన్ల పక్కనే ఆర్‌వీ పార్కులుంటాయి. హోతా షోగక్కో గదులకి ముందే బుకింగ్ కావాలి, వారాంతాల్లో తొందరగా నిండుతాయి. కుదరకపోతే తాతెయామలో హోటళ్లున్నాయి, రెండో రోజుకి అదే దగ్గర. చెత్తబుట్టలు చాలాచోట్ల ఉండవు. పులిహోర పొట్లాల కవర్లన్నీ ఒక సంచిలో వేసుకుని తిరిగి టోక్యో తీసుకుపోవాలి. పార్కింగ్‌లో ఒక్కోచోట పూలమొక్కల వైపు ముందు భాగం పెట్టమని బొమ్మ ఉంటుంది, పొగ మొక్కలకి తగలకుండా.

ఆదివారం దక్షిణపు కొస చుట్టేయాలి. మినమిబోసో అనే ఒక్క మునిసిపాలిటీలోనే ఎనిమిది స్టేషన్లు, కాబట్టి అన్నీ దిగాలనుకోవద్దు. స్టాంపు పుస్తకం కొన్న పిల్లలుంటే వేరే సంగతి, ప్రతిచోటా దిగి ముద్ర వేయించాల్సిందే. షిరహామాలో లైట్‌హౌస్ చూసి, చికురాలో చేపల తొట్లు చూసి, వాదాకి పోవచ్చు. వాదా తిమింగలాల వేట ఊరు. స్టేషన్ ముందు నీలి తిమింగలం అస్థిపంజరం నమూనా నిలబెట్టారు, లోపల తిమింగలం మాంసం వంటకాలున్నాయి. తినడం తినకపోవడం మీ ఇష్టం, ప్యాకెట్లు మాత్రం ఇండియాకి తేకూడదు, వన్యప్రాణి చట్టం కిందికి వస్తుంది.

అక్కడి నుంచి కొండల్లోకి తిరిగితే ఒంగోలు వాళ్లు తప్పక ఆగాల్సిన చోటొకటి ఉంది. స్టేషన్ కాదు, ప్రిఫెక్చర్ వాళ్ల పాడి మ్యూజియం, రకునో నో సాతో. 1728లో అప్పటి షోగున్ (సైనిక పాలకుడు) యోషిమునే ఇండియా తెల్ల పశువుల్ని మూడింటిని తెప్పించి ఈ మినెయొకా కొండల్లో పెంచాడు. వాటి పాలతో వెన్న లాంటిది చేసి మందుగా వాడారు. జపాన్ పాడి పరిశ్రమ పుట్టిల్లు ఇదేనని చెప్పుకునేది అందుకే. మ్యూజియంలో మూపురం ఉన్న తెల్ల పశువుల్ని ఇప్పటికీ ఉంచారు. గిత్తల పందేలు చూసిన కళ్లకి అవి బక్కగా కనబడతాయి, అయినా గంగడోలు చూడగానే మనింటి పశువు అనిపిస్తుంది. ప్రవేశం ఉచితం.

కొండ దిగితే కమొగావాలో ఓయామా సెన్మైదా. పేరుకి వెయ్యి మళ్లు, లెక్కకి 375. కాలువ లేదు, చెరువు లేదు, వాన నీళ్లతోనే పండిస్తారు. చిబాలో కోత ఆగస్టు చివరికే మొదలవుతుంది, కాబట్టి సెప్టెంబరులో స్టేషన్లలో కొత్త బియ్యం. నెల్లూరు వాళ్లు బియ్యం చూడకుండా ఉండలేరు కదా. ముడిబియ్యం 30 కిలోల కాగితపు సంచుల్లో కూడా దొరుకుతుంది. పాలిష్ పట్టించుకోవడానికి రోడ్డు పక్కన చిన్న గదిలో నాణేల మిల్లులుంటాయి, 100 యెన్లకి సుమారు పది కిలోలు. పద్ధతి: బియ్యం తొట్టిలో పోయండి, నాణెం వేయండి, ఎంత తెలుపు కావాలో బటన్ నొక్కండి, గొట్టం కింద సంచి పట్టి పెడల్ తొక్కితే పడతాయి. నాణెం ముందేసి తర్వాత సంచి వెతుక్కుంటూ కూర్చోవద్దు. పది కిలోలు పోస్తే తొమ్మిది చేతికొస్తాయి, మిగతాది తవుడు. ఈ బియ్యం పొట్టిది, జిగురుది. పెరుగన్నానికి అద్భుతం, చేపల పులుసులో ముద్దయిపోతుంది. పులుసు కోసమైతే నిషికసాయి ఇండియన్ కొట్టు సోనా మసూరే దిక్కు.

తిరుగు దారిలో చివరి ఆగుడు కిసరాజు దగ్గర ఉమకుతా నో సాతో, 2017లో వచ్చిన స్టేషన్. జపాన్‌లో పండే వేరుశనగలో ఎక్కువ భాగం చిబాదే, కాబట్టి ఇక్కడ అన్నీ వేరుశనగే: వెన్న, అచ్చు, ఐస్‌క్రీం. వాటికంటే సెప్టెంబరు, అక్టోబరులో దొరికే ఉడకేసిన కాయలు తీసుకోండి. ఒమసారి అనే రకం, మన కాయకి దాదాపు రెండింతలు, గింజ మెత్తగా వెన్నలా ఉంటుంది. ఆ రోజే తినేయాలి, మర్నాటికి జిగురొస్తుంది. ఆదివారం మధ్యాహ్నం నుంచి టోక్యో వైపు ఆక్వాలైన్‌కి టోలు ఎక్కువ, పైగా వంతెన మొదలు దాకా కార్లు బారులు తీరతాయి. బాత్రూమ్ పని ఇక్కడే ముగించుకుని, కాయల పొట్లం ముందు సీట్లో పెట్టుకుని, తొక్కలకి ఒక కవరు విప్పి ఉంచుకుంటే సొరంగం వచ్చేలోపు కాయలు అయిపోతాయి.